సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) రిపోర్టు రాస్తున్నాను, కానీ మా సప్లయర్ ఫ్యాక్టరీలో ఎమర్జెన్సీ తలుపుకు తాళం ఉంది. ఏం చేయాలి?

నడిమెట్టు

మాది రెడీమేడ్ బట్టలు కుట్టించి ఎగుమతి చేసే కంపెనీ. నేను సప్లయర్ క్వాలిటీ విభాగంలో మధ్యస్థాయి ఉద్యోగిని. మాకు సరుకు కుట్టిచ్చే ఒక చిన్న ఫ్యాక్టరీకి ఆడిట్‌కు వెళ్తే, రెండో అంతస్తులో ఎమర్జెన్సీ తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉంది. ఇంకోవైపు మెట్ల మీద బట్ట తానులు పేర్చారు. అడిగితే "సరుకు దొంగతనం పోతోంది మేడమ్, తనిఖీ ఉందంటే తీసేస్తాం" అన్నారు యజమాని.

మా రూల్ ప్రకారం దీన్ని 'క్రిటికల్' అని రాయాలి. రాస్తే షిప్‌మెంట్ ఆగుతుంది. మా మేనేజర్ "మైనర్ అని రాసి గడువు ఇవ్వండి, సరుకు వెళ్లాక గట్టిగా పట్టుకుందాం" అంటున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఈ ఆర్డర్ పోతే ఆ ఫ్యాక్టరీలో కుట్టేవాళ్లకే ముందు పని పోతుంది అన్నది ఆయన వాదన. అందులో నిజం లేదని నేను అనలేను.

ఇదే సమయంలో కంపెనీ వార్షిక సీఎస్ఆర్ రిపోర్టులో 'బాధ్యతాయుతమైన కొనుగోళ్లు' అనే భాగం రాసే పని కూడా నాకే ఇచ్చారు. మేం కట్టించిన బడి ఫొటోలు అందులో ఉంటాయి. ఆ బడి నిజంగా మంచి పనే. కానీ ఆ పేజీ తెరిచి కూర్చుంటే చేయి ఆడటం లేదు.

మీరైతే ఎలా ఆలోచిస్తారు? నాకు నీతి పాఠం అక్కర్లేదు, దారి కావాలి.

పాతలెడ్జర్

నేను చాలాకాలం ఇంటర్నల్ ఆడిట్‌లో పనిచేశాను. మీరు రెండు విషయాలను ఒకటిగా కలిపి బాధపడుతున్నారు, ముందు వాటిని విడదీయండి. లాభం వచ్చాక అందులోంచి ఎంత పంచాం అన్నది ఒకటి. ఆ లాభం ఎలా వచ్చింది అన్నది రెండోది. సీఎస్ఆర్ రిపోర్టుల్లో తొంభై పాళ్లు మొదటిదే ఉంటుంది, ఎందుకంటే దానికి ఫొటోలు దొరుకుతాయి. తెరిచి ఉన్న తలుపును ఎవరూ ఫొటో తీయరు.

రికార్డులో ఉన్న సంగతే చెబుతాను. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్‌ను ప్రపంచంలోనే అత్యంత బాధ్యతగల కార్ల కంపెనీ అంటూ బాధ్యతగా నడిచే కంపెనీలను గుర్తించే డౌ జోన్స్ సస్టైనబిలిటీ సూచీ ఎంపిక చేసింది. అదే నెలలో, పరీక్ష సమయంలో మాత్రమే పొగ తక్కువ చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ డీజిల్ కార్లలో పెట్టిందని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల బండ్లు. మరుసటి నెలలో ఆ సూచీ నుంచి తీసేశారు. లెక్కల మోసం బయటపడి 2001లో దివాలా తీసిన అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌కు 64 పేజీల నైతిక నియమావళి ఉండేది.

వీటిని చూపించి నియమావళులు, రిపోర్టులు దండగ అనడం లేదు. మీ చేతిలో ఉన్న ఆడిట్ కాగితం ఆ రిపోర్టు కంటే ముఖ్యమైన పత్రం అంటున్నాను. అది సరిగ్గా రాయండి. రిపోర్టు సంగతి ఆ తర్వాత.

వాటాదారు

నాది కొంచెం వేరే మాట. అసలు కంపెనీకి సామాజిక బాధ్యత అనేది తగిలించడమే గందరగోళానికి మూలం. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌లో రాసిన వ్యాసంలో వాదన ఇదే: మేనేజర్ చేతిలో ఉన్నది వాటాదారుల డబ్బు, దాంతో తనకు నచ్చిన మంచి పనులు చేయడమంటే ఇతరుల జేబులోంచి తీసి దానం చేయడమే. బడి కట్టించాలనుకుంటే వాటాదారులు డివిడెండ్ తీసుకుని ఎవరికి వాళ్లు కట్టించుకుంటారు.

అయితే ఆయన్ని తిట్టేవాళ్లూ మెచ్చేవాళ్లూ కూడా సగం వాక్యం వదిలేస్తారు. లాభం ఎలాగైనా సంపాదించమని ఆయన అనలేదు. సమాజపు మౌలిక నియమాలకు లోబడి అన్నారు. చట్టంలో రాసినవే కాదు, నైతిక ఆచారంగా ఉన్నవి కూడా అందులో లెక్కే. మోసం ఉండకూడదన్నారు. కాబట్టి ఫ్రీడ్‌మన్ ప్రకారం చూసినా ఆ తాళం తప్పే, 'మైనర్' అని రాయడం మోసమే. నడిమెట్టు గారికి ఇందులో సందేహం ఉండాల్సిన పనిలేదు. నాకు అభ్యంతరం ఆ బడి మీదే.

తొలిజీతం

వాటాదారు గారూ, నియమం ఉన్నచోట మీ మాట సరిపోతుంది. అమలు చేసేవాళ్లు లేనిచోట? ఇన్‌స్పెక్టర్ రాడని తెలిసినప్పుడు కంపెనీ లాభనష్టాల లెక్క వేసుకోదా? వెనకనుంచి గుద్దితే ట్యాంకు పేలే ఫోర్డ్ పింటో కారు విషయంలో అదే జరిగిందని ఎంబీఏలో చదివాం. కాలిపోయే మనిషికి 2,00,000 డాలర్లు, బండి బాగుచేయడానికి 11 డాలర్లు అని లెక్కగట్టి బాగుచేయకుండా వదిలేశారట.

పాతలెడ్జర్

ఆ కథ క్లాసుల్లో చెప్పినంత సూటిగా లేదు, తొలిజీతం గారూ. ఆ లెక్క ఉన్న 1973 నాటి ఫోర్డ్ నోట్ ప్రభుత్వ భద్రతా సంస్థకు పంపడానికి తయారైంది. బండి పల్టీ కొట్టినప్పుడు ఇంధనం కారడం గురించి, దేశంలో అమ్ముడయ్యే 1.25 కోట్ల వాహనాలన్నిటికీ కలిపి వేసిన లెక్క. వెనకనుంచి గుద్దితే పింటో ట్యాంకు పేలడం గురించి కాదు. ప్రాణానికి 2,00,000 డాలర్ల లెక్క కూడా ఆ ప్రభుత్వ సంస్థ అంచనాల్లోంచే తీసుకున్నారు. ఖర్చు 13.7 కోట్ల డాలర్లు, ప్రయోజనం 4.95 కోట్లు, కాబట్టి మార్పు అక్కర్లేదని తేల్చారు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఎవరో రాక్షసులు రహస్యంగా వేసిన లెక్క అయితే మనకు సంబంధం లేదనుకోవచ్చు. మామూలు ఉద్యోగులు, మామూలు పద్ధతిలో, పై సంస్థకు ధైర్యంగా చూపించగలిగిన లెక్క అది. రోడ్డు వేయడానికైనా మందు ఆమోదించడానికైనా ఎక్కడో ఒకచోట ప్రాణానికి అంకె వేయక తప్పదు, అది ఒప్పుకోవాలి. కానీ ప్రమాదం భరించేవాడికి ఆ లెక్క సంగతే తెలియదు, లాభం పొందేవాడు లెక్క వేస్తాడు. నడిమెట్టు గారి మేనేజర్ మనసులో వేసుకున్నదీ అలాంటి లెక్కే. రెండో అంతస్తులో కుట్టేవాళ్లను ఎవరైనా అడిగారా?

షిఫ్ట్‌బి

నేను ఫ్యాక్టరీలో ఫైర్ సేఫ్టీ చూస్తాను. పైన సిద్ధాంతాలు చదివాను. తలుపు గురించి మాత్రం మాట్లాడతాను.

1911 మార్చి 25. న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కంపెనీ. ఎత్తైన భవనంలో పై అంతస్తుల్లో కుట్టు మిషన్లు. మంట లేచింది. మెట్లకు వెళ్లే ఒక తలుపు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలస వచ్చిన చిన్న వయసు ఆడపిల్లలు. తాళం ఎందుకు వేశారంటే, దొంగతనాలు జరుగుతున్నాయని. సరిగ్గా మీ యజమాని చెప్పిన కారణమే. నరహత్య (మాన్‌స్లాటర్) నేరం విచారణలో యజమానులిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తర్వాతే న్యూయార్క్ రాష్ట్రం ఫ్యాక్టరీ చట్టాలు వరసగా మార్చుకుంటూ వచ్చింది.

2012 సెప్టెంబరు 11. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్. 250 మందికి పైగా పోయారు. కిటికీలకు ఊచలు, బయటికి దారులు మూసి ఉన్నాయి. మంట కావాలని పెట్టిందేనని చాలా ఏళ్ల తర్వాత అక్కడి కోర్టు తేల్చింది. ఎవరు పెట్టినా, లోపలివాళ్లు బయటికి రాలేకపోవడానికి కారణం ఆ దారులే. ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే కార్మికుల పని పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. అంటే ఎవరో ఆడిటర్ ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టారు.

కుట్టు ఫ్లోర్‌లో మంట ఎలా ఉంటుందో చెబుతాను. ముందు పొగ వస్తుంది. సింథటిక్ బట్ట పొగ నల్లగా, దట్టంగా ఉంటుంది, కళ్లు తెరవలేరు. మనుషులు రోజూ వచ్చే దారివైపే పరుగెడతారు. అక్కడ తోపులాట మొదలవుతుంది. అప్పుడు రెండో తలుపు గుర్తొస్తుంది. తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గరో వాచ్‌మన్ దగ్గరో ఉంటుంది. ఆ చెవి ఎవరి దగ్గరుందో వెతికే టైం అక్కడ ఉండదు. నిమిషాల వ్యవహారం.

కాబట్టి "గడువు ఇవ్వండి" అనే మాట ఈ విషయంలో కుదరదు. గోడకు రంగు వేయడానికి గడువు ఇస్తారు. తాళం తీయడానికి ఐదు నిమిషాలు చాలు, మీరు అక్కడ నిలబడే తీయించాలి. నాకు తెలిసిన పద్ధతి ఇది: తాళం తీయించు, తానులు దించించు, తాళం బిగించే గొళ్లేన్నే పీకించు, లోపలినుంచి నెడితే తెరుచుకునే పుష్ బార్ పెట్టించు. దొంగతనం భయమా? తలుపు తెరిస్తే మోగే అలారం పెట్టుకోమనండి.

మార్జిన్‌లెక్క

నేను అటువైపు మనిషిని, చిన్న యూనిట్ నడిపిస్తాను. తలుపుకు తాళం నేను సమర్థించను, మా దగ్గర లేదు. కానీ ఆ యజమాని ఎందుకు ఇలా తయారవుతాడో కొనేవాళ్లు కూడా తెలుసుకోవాలి.

రేటు ఏటా తగ్గించమంటారు. ఆర్డర్ ఖాయం చేయడంలో ఆలస్యం మీదే. డిజైన్ చివర్లో మారుస్తారు. డెలివరీ తేదీ మాత్రం మారదు, ఒక్కరోజు లేటైతే డిస్కౌంట్ కోత, ఇంకా లేటైతే విమానంలో పంపే ఖర్చు మా నెత్తిన. అప్పుడు ఏం చేస్తాం? ఓవర్‌టైం, లేకపోతే పక్క షెడ్డుకు సబ్‌కాంట్రాక్టు. గోడౌన్ అద్దె తగ్గించుకుందామని మెట్ల మీద తానులు. ఆ తర్వాత మీ కంపెనీ నుంచే ఇంకో డిపార్ట్‌మెంట్ వాళ్లు చెక్‌లిస్టు పట్టుకుని వస్తారు, ఫైర్ ఎగ్జిట్ ఏదీ అంటారు. ఒకే కంపెనీ కొనుగోలు విభాగం ఒక మాట, ఆడిట్ విభాగం ఇంకో మాట. మాకు జీతాలు వచ్చేది కొనుగోలు విభాగం మాటతోనే.

నడిమెట్టు గారూ, మీరు క్రిటికల్ అని రాయండి, రాయాలి. కానీ అదే రిపోర్టులో మీ కంపెనీ ఆ ఫ్యాక్టరీకి ఎంత గడువు ఇచ్చింది, ఆర్డర్ ఎన్నిసార్లు మార్చింది కూడా రాయండి. అది రాసే ఆడిటర్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

కిటికీపక్క

ఇంత చర్చ ఎందుకు, ఆ సప్లయర్‌ను మార్చేయొచ్చు కదా? బాగా నడిచే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి.

పూర్ణవిరామం

మార్చేయడం తేలిక, చాలా కంపెనీలు చేసేదీ అదే. ఆర్డర్ తీసేసి చేతులు దులుపుకుంటారు. తాళం అక్కడే ఉంటుంది, లోపల మనుషులూ అక్కడే ఉంటారు, ఇంకా తక్కువ రేటుకు ఇంకో కంపెనీకి కుడతారు.

ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన వ్యాపారం, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు దీన్ని వివరంగానే చర్చించాయి. సమితి ప్రత్యేక ప్రతినిధి జాన్ రగ్గీ నేతృత్వంలో తయారైనవి. నీ వల్ల నేరుగా హాని జరిగితే ఆపు, సరిదిద్దు. నీ సప్లయర్ వల్ల జరిగితే నీకున్న పలుకుబడి వాడి మార్పించు. పలుకుబడి చాలకపోతే పెంచుకో, మిగతా కొనుగోలుదారులను కలుపుకో. అప్పటికీ కాకపోతే సంబంధం తెంచుకోవడం గురించి ఆలోచించు, కానీ తెంచుకుంటే అక్కడివాళ్లకు జరిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకో. కిటికీపక్క గారు చెప్పినది ఆ వరసలో ఆఖరి మెట్టు.

దీన్ని నిజంగా అమలు చేసిన సందర్భం ఉంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. అదే భవనంలోని బ్యాంకు తన ఉద్యోగులను రానీయలేదు. కుట్టు కార్మికులను మాత్రం మర్నాడు లోపలికి పంపారు. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీలకు అంతకుముందు సోషల్ ఆడిట్లు జరిగాయి, భవనం గట్టిదా కాదా అన్నది ఆ ఆడిట్ల పరిధిలో లేదు. ఆ తర్వాత బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి 'అకార్డ్' అనే ఒప్పందం చేసుకున్నాయి. మునుపటి హామీలకూ దీనికీ తేడా ఏమిటంటే, దీనికి చట్టపరమైన కట్టుబాటు ఉంది. స్వతంత్ర ఇంజినీర్లు తనిఖీ చేయాలి, ఆ రిపోర్టులు బయట పెట్టాలి. మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూడటం బ్రాండ్ల బాధ్యత. మరమ్మతు కోసం ఫ్యాక్టరీ మూసినా ఆరు నెలల వరకు కార్మికుల ఉద్యోగం, జీతం నిలవాలి. మార్జిన్‌లెక్క గారి ఫిర్యాదుకు కొంతైనా జవాబు ఆ డబ్బు షరతులో ఉంది.

చట్టాలూ అటే కదులుతున్నాయి. 2017లో ఫ్రాన్స్ పెద్ద కంపెనీలకు సప్లయర్ల దాకా నిఘా బాధ్యత పెట్టింది. 2023 నుంచి జర్మనీలోనూ అలాంటి చట్టం అమల్లోకి వచ్చింది. భారతదేశం దారి వేరు: 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు చేయాలి. అయితే మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు ఆ ఖర్చులోకి రావు. అంటే తలుపు బాగుచేయించడం అసలు సీఎస్ఆర్ ఖాతాలోకే రాదు, అది వ్యాపారం చేసే తీరులో భాగం. అదే చట్టం 166వ సెక్షన్ డైరెక్టర్ల విధుల్లో వాటాదారులతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణం పేర్లు కూడా రాసింది. 2 శాతం గురించి అందరూ మాట్లాడతారు, 166 ఎవరికీ గుర్తుండదు.

వాటాదారు

పూర్ణవిరామం గారూ, ఆ 2 శాతం సెక్షన్ నా వాదనకే బలం. దానిని పన్నుగా వసూలు చేస్తే లెక్క చెప్పేవాళ్లు ఉంటారు, చట్టసభలో అడిగేవాళ్లు ఉంటారు. కంపెనీ బోర్డు తనకు నచ్చిన చోట బడి కడితే ఆ ప్రాంతానికి బడి అవసరమా, ఆసుపత్రి అవసరమా అని ఎవరు నిర్ణయించారు? మంచి పని జరిగిందని ఒప్పుకుంటాను, నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం వదలను.

అకార్డ్ మాత్రం నాకు నచ్చింది. అది దానం కాదు, ఒప్పందం.

తొలిజీతం

దానం అంతా అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మెర్క్ కంపెనీ 1987లో నది అంధత్వానికి ఐవర్‌మెక్టిన్ మందును అవసరమైనంత కాలం, అవసరమైనంత మందికి ఉచితంగా ఇస్తామని ప్రకటించి ఇస్తూ వచ్చింది. ఆ జబ్బు ఉన్నవాళ్లకు మందు కొనే స్తోమత లేదు, మార్కెట్ దాన్ని ఎప్పటికీ చేసేది కాదు. తన దగ్గర మాత్రమే ఉన్న వస్తువుతో తను మాత్రమే చేయగలిగిన పని చేసింది. ఆ పని వాటాదారులు డివిడెండ్ తీసుకుని చేయగలిగేవారా?

వాటాదారు

ఆ ఉదాహరణకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఆలోచిస్తాను.

నడిమెట్టు

అందరికీ ధన్యవాదాలు. షిఫ్ట్‌బి గారి పోస్టు చదివాక నిద్ర పట్టలేదు. క్రిటికల్ అనే రాస్తున్నాను, అది తేలిపోయింది.

ఇప్పుడు టెన్షన్ వేరే. మేనేజర్‌తో మాట్లాడాలి. ఆయన "కాస్త మేనేజ్‌మెంట్ కోణంలో చూడండి" అంటారు, ఆ మాటకు నాకు నోట మాట రాదు. ఎదురుతిరిగినట్టు కాకుండా, లొంగినట్టూ కాకుండా ఏం చెప్పాలి?

పాతలెడ్జర్

ఆ మాటకు పెద్ద చరిత్రే ఉంది. 1986 జనవరి 27 రాత్రి. మర్నాడు అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ప్రయోగం. చలికి రాకెట్ బూస్టర్ల రబ్బరు రింగులు సరిగ్గా మూసుకోవని, ప్రయోగం వద్దని మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజినీర్లు వాదించారు. నాసా నుంచి ఒత్తిడి వచ్చింది. కంపెనీ పెద్దలు విడిగా మాట్లాడుకున్నారు. అప్పుడు ఒక సీనియర్ అధికారి ఇంజినీరింగ్ విభాగాధిపతితో, ఇంజినీర్ టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకో అన్నాడు. ఆయన మాట మార్చాడు. మర్నాడు ఏడుగురు చనిపోయారు.

ఆ రాత్రి ఇంకో సంగతి జరిగింది. మామూలుగా ప్రయోగం సురక్షితమని నిరూపించాలి. ఆ రాత్రి ఇంజినీర్లను ప్రమాదమని నిరూపించమన్నారు. మీ మీటింగ్‌లో ఇదే జరుగుతుంది, గమనించండి. "మంట వస్తుందని గ్యారంటీ ఏమిటి" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకొద్దు. "తలుపు తెరుచుకుంటుందని మనం సంతకం పెట్టగలమా" అని అడగండి.

ఇక చెప్పే తీరు. ఆయన భయం షిప్‌మెంట్ గురించి, కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. "తాళం ఈరోజే తీయిస్తాను, మెట్లు ఖాళీ చేయిస్తాను, ఫొటోలు పెడతాను. ఆ రోజే మళ్లీ చూసి క్రిటికల్ మూసేస్తే షిప్‌మెంట్ ఒకట్రెండు రోజులే ఆలస్యం. ఆ ఆలస్యానికి సప్లయర్‌కు కోత వేయకుండా మీరు కొనుగోలు విభాగంతో మాట్లాడండి." ఆయనకు చేయడానికి ఒక పని ఇచ్చినట్టవుతుంది. కాదంటే, "అయితే మైనర్ అని మార్చమన్న మాట మెయిల్‌లో రాయండి" అని మర్యాదగా అడగండి. నా అనుభవంలో ఆ మెయిల్ దాదాపు ఎవరూ రాయరు. మీరు వెళ్లే ముందు ఈ మాటలు గట్టిగా, బయటికి వినపడేలా ఒకసారి అనుకోండి. ఎదురుగా కూర్చున్నాక వెతుక్కుంటే దొరకవు.

కిటికీపక్క

చెప్పడం తేలికండీ. ఇల్లు, పిల్లల ఫీజులు, లోన్లు ఉన్నవాళ్లు ఇలా మాట్లాడితే తర్వాతి అప్రైజల్‌లో తెలుస్తుంది. మీరంతా ఆమెను ముందుకు తోస్తున్నారు, ఉద్యోగం పోతే ఎవరూ రారు.

షిఫ్ట్‌బి

మీరన్నది నిజం. ఒక్కరే నిలబడాల్సి వచ్చే కంపెనీలో లోపం ఆ ఒక్కరిది కాదు. అందుకే మెయిల్ కాపీ సేఫ్టీ విభాగానికి, వీలైతే కాంప్లయెన్స్‌కు పెట్టమంటాను. ఆడిట్‌కు ఇంకెవరైనా కలిసి వెళ్లి ఉంటే వాళ్ల సంతకం కూడా తీసుకోండి. అయినా రిస్క్ సున్నా కాదు, అది ఆమెకు తెలిసే అడుగుతోందనుకుంటాను.

తొలిజీతం

పైవాళ్లు ముందే తేల్చుకుని ఉంటే కిందివాళ్లకు ఈ అవస్థ తప్పుతుంది. జాన్సన్ అండ్ జాన్సన్‌లో 1943 నుంచి ఒక ప్రకటన ఉంది, అందులో మందులు వాడేవాళ్లు మొదట, వాటాదారులు చివర. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే వాళ్ల నొప్పి మందు క్యాప్సూళ్లలో సైనైడ్ కలిపి ఏడుగురు చనిపోతే, తప్పు తమది కాకపోయినా దేశమంతటా 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకున్నారు. ఎవరైనా విప్పితే తెలిసిపోయే సీలుతో మళ్లీ తెచ్చారు. నమ్మకం తిరిగొచ్చింది.

పూర్ణవిరామం

అదే ప్రకటన గోడ మీద ఉండగానే ఆ కంపెనీ టాల్క్ పౌడర్ మీద వేల కేసులు ఎదుర్కొంది, 2020లో అమెరికా, కెనడాల్లో దాని అమ్మకం ఆపేసింది. 1982లో తీసుకున్న నిర్ణయం గొప్పదే. కానీ ఆ నిర్ణయం ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు తీసుకున్నది. తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ తీసుకోవాల్సిందే.

నడిమెట్టు

జరిగింది చెబుతాను. క్రిటికల్ అని రాశాను. మేనేజర్‌కు కోపం వచ్చింది, కానీ మార్చమని మెయిల్ రాయలేదు. నేను మళ్లీ వెళ్లి నిలబడి తాళం తీయించాను, గొళ్లెం పీకించాను, తానులు గోడౌన్‌లోకి మార్చారు. షిప్‌మెంట్ కాస్త ఆలస్యంగా వెళ్లింది. సప్లయర్‌కు కోత వేశారు, ఆపలేకపోయాను. అది నాకు బాధగానే ఉంది. మార్జిన్‌లెక్క గారు చెప్పినట్టు ఆర్డర్ ఎన్నిసార్లు మారిందో రిపోర్టులో ఒక పేరా రాశాను. దాన్ని తీసేయమంటున్నారు, ఇంకా తేలలేదు.

సీఎస్ఆర్ రిపోర్టులో 'సప్లయర్లందరూ ప్రమాణాలు పాటిస్తున్నారు' అనే పాత వాక్యాన్ని తీసేసి, ఎన్ని ఫ్యాక్టరీల్లో దారులు మూసి ఉన్నట్టు తేలింది, ఎన్నిట్లో సరిచేశాం అన్న పట్టిక పెట్టాను. ఉంచుతారో లేదో తెలియదు.

మార్జిన్‌లెక్క

ఆ పేరా కోసం గట్టిగా నిలబడండి, పట్టిక కంటే అదే ముఖ్యం. కోత భయం ఉన్నంతకాలం ఆ యజమాని మళ్లీ మెట్ల మీదే సరుకు పెడతాడు, ఇంకో గొళ్లెం తెస్తాడు. ఇంకోమాట, ఈసారి వెళ్లేటప్పుడు చెప్పకుండా వెళ్లండి, రాత్రి షిఫ్ట్‌లో వెళ్లండి. సూపర్‌వైజర్‌ను తలుపు తెరవమని అడగొద్దు. ఆ తలుపుకు దగ్గర్లో మిషన్ మీద ఉన్న అమ్మాయిని తెరవమనండి.